వేటగాండ్రకు బడి పెట్టిన ఆచార్యుడు

జింక యనగానే మనకు కణ్వాశ్రమములో శకుంతల పెంచిన లేడిపిల్ల జ్ఞప్తికి వచ్చును. సీతమ్మ కోరిన బంగారులేడి జ్ఞప్తికి వచ్చును. మన పురాణములలో లేడిపై బాణము వేసినవానికి మేలు కలిగిన కథలు అరుదు. లేడి రూపముననున్న మునిని కొట్టి పాండురాజు శాపము పొందెను. మాయలేడి వెంటబోయిన రామునికి సీతావియోగము కలిగెను. అట్టి కథలు వినుచు పెరిగిన మనకు, వేటగాండ్రను బడిపిల్లలవలె కూర్చుండబెట్టి జింకలనుగూర్చి పాఠము చెప్పిన ఆచార్యుడొకడు ఉండెననుట వింతగా తోచును. జింకలును అడవియు చెడక కలిసి బ్రతుకు మార్గమును నేర్పుటకే ఆ పాఠములు ఏర్పడినవనుట మరింత వింత.

ఆ ఆచార్యుడు అమెరికా సంయుక్త రాష్ట్రములకు చెందిన ఆల్డో లియోపోల్డ్. ఆయన గతించి డెబ్బదియైదేండ్లు దాటినది. నేడు పెక్కు దేశములలో వేటగాండ్రకును భూమిగలవారికిని జింకల సంరక్షణమునుగూర్చి, అవి నివసించు నేలనుగూర్చి శిక్షణ తరగతులు నడచుచున్నవి. ఆ తరగతులకు ఆధారమైన ఆలోచనకు పునాది వేసినవారిలో ఈయన ముఖ్యుడు. ఈ మహనీయుని జీవితమును మా పాఠకులకు, ముఖ్యముగా విద్యార్థులకు, పరిచయము చేయదలచితిమి. ఆయన సాధించిన విజయములతోపాటు, ఆయన చేసిన పెద్ద పొరపాటును, దానిని దిద్దుకొనిన విధమును కూడ చెప్పుదుము. ఆ దిద్దుబాటే ఆయన జీవితమునకు ప్రాణము.

ఆల్డో లియోపోల్డ్ 1887వ సంవత్సరము జనవరి 11వ తేదీన అయోవా రాష్ట్రములోని బర్లింగ్టన్ పట్టణమున జన్మించెను. మిసిసిపీ మహానది ఒడ్డున, ఎత్తైన గట్టుమీద వారి యిల్లు ఉండెను. ఆ కుటుంబము జర్మనీనుండి వలసవచ్చిన వారిది. ఆల్డో మొదట నేర్చిన భాష జర్మను. ఇంట జర్మను మాటలాడుచు, వీధిలోను బడిలోను ఇంగ్లీషు నేర్చుకొని, రెంటిని కలుపుకొని ఆ బాలుడు పెరిగెను. ఇంట ఒక భాష, ఊర మరియొక భాష వినుచు పెరుగుచున్న మన పిల్లలకు ఈ సంగతి చెప్పుట మాకు ఇష్టము. ఇంటిభాష అడ్డురాకపోగా, పిమ్మట ఇంగ్లీషులో చక్కని వచనము వ్రాసినవారిలో ఒకడుగా ఆయన పేరుపొందెను.

తండ్రి కార్ల్ లియోపోల్డ్ మేలైన కొయ్యతో వ్రాతబల్లలు చేయించు వర్తకుడు. ఆయనకు వేటయందు మిక్కిలి ఆసక్తి. కాని ఆ కాలమున వేటకు చట్టములు అంతగా లేకున్నను, ఆయన తనకు తానే కొన్ని కట్టుబాట్లు పెట్టుకొనెను. పక్షులు గూళ్లు కట్టు వసంతకాలమున నీటిపక్షులను వేటాడుట మానివేసెను. ఎవరు చూడకున్నను, ఏ శిక్ష లేకున్నను, తనను తాను అదుపులో నుంచుకొనుట వేటగానికి మొదటి ధర్మమని కుమారుడు తండ్రిని చూచి నేర్చుకొనెను. ఆ పాఠమును ఆయన జీవితాంతము మరువలేదు.

పెద్ద చదువుకై ఆల్డో యేల్ విశ్వవిద్యాలయమునకు పోయెను. అచట 1900లో అటవీశాస్త్ర పాఠశాల వెలసియుండెను. అమెరికాలో అడవులను విచ్చలవిడిగా నరికిన కాలము అది. అడవిని పొదుపుగా వాడుకొనుట యెట్లో నేర్చిన యువకులు దేశమునకు కావలసియుండిరి. 1909లో ఆయన అటవీశాస్త్రమున పట్టము పుచ్చుకొని, వెంటనే ప్రభుత్వ అటవీశాఖలో ఉద్యోగము సంపాదించి, అరిజోనాలోని అపాచీ జాతీయారణ్యమునకు పోయెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువదిరెండేండ్లు. చేత తుపాకి, క్రింద గుర్రము, ముందు అంతులేని కొండలు. దుడుకుగల వయస్సు.

ఆ సంవత్సరముననే జరిగినది, పిమ్మట ఆయన జీవితమును మార్చిన సంఘటన. ఒకనాడు ఆయనయు తోడివారును కొండకొమ్మున కూర్చుండి భోజనము చేయుచుండిరి. క్రింద నదిని దాటి ఒక తల్లితోడేలు వచ్చెను. దాని పిల్లలు ఎదురేగి తోకలాడించుచు చుట్టుముట్టెను. తోడేలు కనబడినచో కాల్చకుండ విడుచుట అనునది ఆ కాలమువారికి తెలియదు. అందరు తుపాకులు ఖాళీయగువరకు కాల్చిరి. లియోపోల్డ్ క్రిందికి దిగి చేరుసరికి ఆ ముసలి తోడేలు కన్నులలోని వెలుగు ఆరిపోవుచుండెను. ఆ చూపు ఆయన మనస్సున నాటుకొనెను. కాని దాని అర్థము నాడు ఆయనకు తెలియలేదు. తోడేళ్లు తగ్గినచో జింకలు పెరుగును, జింకలు పెరిగినచో వేటగాండ్రకు స్వర్గమే గదా యని ఆయన తలచెను.

1912లో శాంతాఫే పట్టణమునకు చెందిన ఎస్టెల్లా బెర్గేరును ఆయన వివాహమాడెను. మరుసటి సంవత్సరము వసంతమున అడవిలో తిరుగుచు తుఫానులో చిక్కి, తడిసిన పక్కబట్టలలో నిద్రించి, మూత్రపిండముల వ్యాధికి లోనయ్యెను. ప్రాణము దక్కుటయే కష్టమయ్యెను. ఏడాదికి పైగా ఉద్యోగమునకు దూరమై, కూర్చున్నచోటనే చదువుచు, ఆలోచించుచు కాలము గడపెను. తిరిగి కొలువులో చేరిన పిమ్మట వేటజంతువుల సంరక్షణ భారమును ఆయన తనపై వేసికొనెను. 1915లో అటవీ ఉద్యోగులకొరకు ఒక కరదీపిక వ్రాసెను. న్యూ మెక్సికో రాష్ట్రమున ఊరూర తిరిగి వేటగాండ్ర సంఘములను స్థాపించెను. దొంగవేటను అరికట్టుడని, చట్టమును మన్నించుడని బోధించెను. ఇదంతయు మేలే. కాని ఆ బోధలోనే మరియొక మాటయు కలదు: తోడేళ్లను, కొండసింహములను కడపటిదానివరకు చంపవలెనని ఆయన పట్టుపట్టెను. జింకలకు శత్రువు కోరలుగల మృగమే యని ఆయన నమ్మకము.

ఆ నమ్మకమును కైబాబ్ పీఠభూమి వమ్ముచేసెను. ఈ పీఠభూమి అరిజోనాలో గ్రాండ్ కేన్యన్ అను మహాలోయకు ఉత్తరమున కలదు. 1906లో అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్టు ఆ ప్రాంతమును వేటజంతువుల శరణాలయముగా ప్రకటించెను. జింకల వేటను నిషేధించిరి. ప్రభుత్వపు వేటగాండ్రు వందలకొలది కొండసింహములను, వేలకొలది కొయొటీ నక్కలను చంపిరి. తోడేళ్లు అచట లేకుండ పోయెను. మొదట సుమారు 4,000 అని అంచనా వేసిన జింకలు ఏటేట పెరిగెను. 1924 నాటికి అవి ముప్పదివేలని కొందరు, లక్షయని కొందరు అంచనా వేసిరి. కొమ్మలు అందినంతవరకు మేసిరి మేసినట్లే యుండెను; క్రొత్త మొలక యొక్కటియు తలయెత్తలేదు. ఆ వెంటనే వచ్చిన రెండు చలికాలములలో జింకలు తిండిలేక గుంపులు గుంపులుగా చచ్చెను. కాపాడదలచిన చేతులే వాటిని ఆకలికి అప్పగించినట్లయ్యెను.

ఈ అంకెలనుగూర్చి తరువాతి కాలపు శాస్త్రజ్ఞులు వాదులాడిరి. నాటి లెక్కలు నమ్మదగినవి కావనియు, కరవునకు గొఱ్ఱెలు పశువులు కూడ కారణమనియు కొందరు చెప్పిరి. ఈ శతాబ్దమున ఆ పీఠభూమిపై నున్న ఆస్పెన్ చెట్ల వయస్సును పరిశీలించినవారు, ఆ కాలమున పుట్టి పెరిగిన చెట్లు చాల తక్కువగా నుండుట కనుగొనిరి. మొలకలను జింకలు మేసివేసినవనుటకు ఇది సాక్ష్యము. సంఖ్య ఎంతయో తేలకున్నను, కథ మాత్రము నిజమేయని మా అభిప్రాయము.

ఇట్టి పాఠమే లియోపోల్డుకు తన సొంత పెరటిలోనే ఎదురయ్యెను. 1924లో ఆయన ప్రోద్బలము వలననే న్యూ మెక్సికోలోని గీలా అరణ్యమున సుమారు 7,50,000 ఎకరములను బాటలు వేయక, భవనములు కట్టక యథాస్థితిలో విడిచిపెట్టుటకు అటవీశాఖ అంగీకరించెను. ప్రపంచమున అట్టి ఏర్పాట్లలో అది మొట్టమొదటిది. కాని అచటను తోడేళ్లు, కొండసింహములు తగ్గగా జింకలు మితిమీరెను. వాటిని తగ్గించుటకు వేటగాండ్రు లోనికి పోవలెను. వారు పోవుటకు బాట కావలెను. కొన్నియేండ్లకే ఆ అరణ్యమును రెండుగా చీల్చుచు బాట పడెను. తాను కాపాడిన అడవికి తాను తరిమిన మృగములు లేని లోటే ముప్పుగా పరిణమించినదని ఆయన గ్రహించెను.

1924లోనే ఆయన విస్కాన్సిన్ రాష్ట్రపు ముఖ్యపట్టణమైన మాడిసనుకు మారెను. అచట కొంతకాలము కలప పరిశోధనశాలలో పనిచేసి, 1928లో ఆ ఉద్యోగము విడిచి, మధ్యోత్తర రాష్ట్రములలో వేటజంతువుల స్థితిని పరిశీలించుటకు బయలుదేరెను. పల్లెపల్లెకు పోయి, రైతులతో మాటలాడి, కంచెలను, పొదలను, వాగులను చూచి 1931లో నివేదిక ప్రకటించెను. ఆ పర్యటనలో ఆయనకు ఒక సత్యము గోచరించెను. అమెరికాలో వేటజంతువులు ప్రభుత్వపు సొత్తు. కాని అవి తిని తిరుగు నేలలో ఎక్కువభాగము రైతు సొత్తు. జంతువునకు చట్టము యజమాని, మేతకు రైతు యజమాని. రైతు పొదను నరికినచో ఏ చట్టము పిట్టను కాపాడలేదు. రైతు మనస్సు పెట్టినచో చట్టముతో పనియే తక్కువ. 1930లో ఆయన అధ్యక్షతన ఒక సంఘము అమెరికా దేశమునకు వేటజంతువుల విధానమును రూపొందించెను. భూమిగలవానికి ప్రతిఫలము ముట్టవలెననియు, అటవీశాస్త్రమువలెనే దీనికిని చదివి తర్ఫీదు పొందిన మనుష్యులు కావలెననియు అందులోని ముఖ్యమైన సూచనలు.

ఆ సూచనను ఆయన మాటతో విడిచిపెట్టలేదు. 1931లో మాడిసనుకు సమీపమున రైలీ అను పల్లెయొద్ద ఒక రైతు, పట్టణపు వేటగాండ్రు తన పొలములలో చెప్పక జొరబడుచున్నారని మొరపెట్టుకొనెను. ఆ మాటనుండి ఒక సహకార సంఘము పుట్టెను. ఇరుగుపొరుగు రైతులు తమ పొలములను కలిపిరి. పట్టణమునుండి కొందరు సభ్యులైరి. పట్టణమువారు చలికాలమున పక్షులకు మేతయు, పొదలు నాటుటకు మొక్కలును సమకూర్చవలెను. రైతులు నీడను, గూటిని కాపాడవలెను. వేట మితముగా, అనుమతితో సాగవలెను. పూరేడు పిట్టలు, ఫెజెంటు పక్షులు అచట నిలదొక్కుకొనెను. ఒకరినొకరు దొంగలని, పిసినారులని తిట్టుకొను ఇరుపక్షములవారు ఒక్క పొద చాటున స్నేహితులైరి. శిక్షణ యనునది తరగతిగదిలోనే జరుగనక్కరలేదని దీనివలన తేలినది.

1933వ సంవత్సరము ఆయన జీవితమున ముఖ్యమైనది. ఆ యేట వేటజంతువుల నిర్వహణమునుగూర్చి ఆయన వ్రాసిన పాఠ్యగ్రంథము వెలువడెను. ఆ శాస్త్రమునకు అదియే తొలి ప్రామాణిక గ్రంథము. ఆ యేటనే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయము ఆయనకొరకు ఆ విషయమున ఆచార్యపదవిని సృష్టించెను. దేశమున అట్టి పదవి అదియే మొదటిది. ఆ పీఠమును వ్యవసాయ అర్థశాస్త్ర శాఖలో నెలకొల్పుట గమనింపదగినది. అడవిజంతువు రైతు పొలములోని పంటవంటిదే యను భావము ఇందు కలదు. గొడ్డలి, నాగలి, పశువు, నిప్పు, తుపాకి అను వేనివలన నేల పాడయ్యెనో, తెలిసి వాడినచో వానితోనే దానిని బాగుచేయవచ్చునని ఆయన సిద్ధాంతము.

ఆయన బోధించిన విషయము ఎట్టిదో కొంత వివరింతుము. జింకకు నాలుగు కావలెను: మేత, నీరు, దాగు చోటు, పిల్లలను పెంచు చోటు. ఈ నాలుగును ఒకదానికొకటి దగ్గరగా నుండవలెను. చిక్కని ముదురు అడవిలో నేలకు వెలుతురు సోకదు, చిగురు మొలవదు, జింకకు మేత లేదు. బట్టబయలులో మేత యున్నను దాగుటకు చోటు లేదు. అడవియు బయలును కలియు అంచున రెండును దొరకును. కావున తన తోటలో ఏ చెట్టును నరికి వెలుతురు రానిచ్చుట, ఏ పొదను విడిచిపెట్టుట, ఏ వాగుగట్టుకు పశువులు పోకుండ కంచెవేయుట అనునవి భూమిగలవాడు నేర్వవలసిన విద్య. ఇక, ఒక నేల ఎన్ని జింకలను పోషింపగలదో దానికొక మితి కలదు. ఆ మితి దాటినదని జింకలను లెక్కించుటకు ముందే మొక్కలు చెప్పును. కొమ్మల కొనలు చిదికిపోవుట, జింకకు ఇష్టమైన మొక్కలు మాయమగుట, ఇష్టములేని మొక్కలు మాత్రము మిగులుట, చెట్ల ఆకులు జింక మూతికి అందని ఎత్తునుండియే మొదలగుట: ఇవి నేల వ్రాసిన అక్షరములు. వీనిని చదువుట నేర్చినవాడే వేటగాడు. తక్కినవాడు తుపాకి మోయువాడు మాత్రమే.

ఆయన విద్యార్థులలో ఈ శాస్త్రమునే వృత్తిగా స్వీకరించువారు కొందరు. తక్కినవారు రైతుబిడ్డలు, ఇతర శాస్త్రములు చదువువారు. పల్లె యువకులకు చిన్న తరగతులు, రైతులకు రేడియో ప్రసంగములు, వ్యవసాయ పత్రికలలో వ్యాసములు: ఇట్లు చదువును ఆయన పొలముగట్టువరకు తీసికొనిపోయెను. విద్యార్థులను బయటకు తీసికొనిపోయి, దారిపక్క మొలచిన కలుపుమొక్కను చూపి, అది అచటనే ఏల మొలచెనని అడుగును. జవాబు చెప్పుటకు నేల చరిత్రయంతయు తవ్వవలెను. పేర్లు వల్లించుటకంటె ప్రశ్న వేయుట ముఖ్యమని ఆయన పద్ధతి.

1935లో ఆయన తాతలనాటి దేశమైన జర్మనీకి పోయి మూడునెలలు అడవులను పరిశీలించెను. చిన్ననాడు ఇంట విన్న భాష మరల చెవిని పడెను. కాని అడవి మాత్రము ఆయనకు సంతోషము కలిగింపలేదు. వరుసలు తీర్చిన స్ప్రూసు చెట్లు, వాని క్రింద పచ్చని మొక్కయే లేని నేల, చేతితో మేత వేసినగాని బ్రతుకలేని జింకలు. మరుసటి సంవత్సరము మెక్సికో దేశమున సియెర్రా మాద్రే కొండలలోని గవిలాన్ నదీతీరమున వేటకు పోయెను. అచట తోడేళ్లును, కొండసింహములును, జింకలును కలవు. నేల కోసుకొనిపోలేదు, నీరు తేటగా పారుచుండెను, జింకలు బలిసియుండెను. ఆరోగ్యముగల నేల యనిన నేమో ఆయన కన్నులార చూచినది అచటనే. తోడేలు జింకకు శత్రువను పాతమాట ఆయన మనస్సులో పూర్తిగా కూలిపోయెను.

ఆ సంవత్సరములలోనే విస్కాన్సిన్ నదియొడ్డున పంటలు పండక పాడువడిన 80 ఎకరముల ఇసుకనేలను ఆయన కొనెను. కోళ్లగూడు ఒక్కటే అచట మిగిలిన కట్టడము. దానినే గుడిసెగా మార్చి, సెలవుదినములలో భార్యతోను ఐదుగురు బిడ్డలతోను అచట గడపెను. ఏటేట వేలకొలది పైనుమొక్కలు నాటిరి. తొలి యేండ్ల అనావృష్టికి అందులో అధికభాగము ఎండిపోయెను, మరల నాటిరి. పరులకు పాఠము చెప్పువాడు తన చేతికి మన్ను అంటించుకొనెను. ఆ బిడ్డలు ఐదుగురును పెద్దవారై నేలను, నీటిని, మొక్కలను, జంతువులను పరిశోధించు శాస్త్రవేత్తలైరి.

ఇంతవరకు వచ్చిన ఆయన జ్ఞానమునకు నిజమైన పరీక్ష 1943లో ఎదురయ్యెను. విస్కాన్సినులో 1915 నుండి కొమ్ములుగల మగజింకలను మాత్రమే వేటాడవలెనని సాధారణ నియమము. ఆడజింకను కొట్టుట పాపమని వేటగాండ్రకు రెండుతరములుగా నూరిపోసిరి. ఆడజింకలు పెరిగెను, మంచి మేత దొరికినచో ఒక్కొక్కటి రెండేసి పిల్లలను కనును. ఉత్తరపు అడవులలో చలికాలమున జింకలు మంచునుండి తప్పించుకొనుటకు గుంపుగా చేరు తావులలో మేత తరిగిపోయెను. ఒక పౌరసంఘమునకు అధ్యక్షుడుగా లియోపోల్డ్ ఆ తావులను చూచెను. అందనంత ఎత్తున మాత్రమే ఆకులు. క్రింద చచ్చిపడిన జింకపిల్లలు. పెద్దజింక మెడచాచి అందుకొనగల కొమ్మ పిల్లకు అందదు. కావున ముందు చచ్చునది పిల్లయే.

ఆ సంవత్సరమే ఆయనను రాష్ట్ర సంరక్షణ కమీషనులో సభ్యునిగా నియమించిరి. జీతము లేని ఆ పదవిలో ఆయన, ఆడజింకలను కూడ తగ్గింపక తప్పదని వాదించెను. ఆ యేటి వేట రెండువిడతలుగా జరిగెను: మొదట మగవి, తరువాత ఆడవి. మొత్తము సుమారు 1,28,000 జింకలు పడెను. ప్రజలు భగ్గుమనిరి. జింకలను రక్షించుటకు వచ్చినవాడు జింకల సంహారము చేయించెనని నిందించిరి. కమీషను విధానమును ఎదిరించుటకే ఒక పత్రిక వెలసెను. వేటగాండ్రు, వసతిగృహముల యజమానులు, జింకలను చూచి మురియు పట్టణవాసులు, అందరు ఒకటైరి. లియోపోల్డ్ సభలకు పోయి, ఛాయాచిత్రములు చూపి, నమలిన కొమ్మలు చూపి, ఓపికతో చెప్పెను. చాలమంది వినలేదు. మరల ఆడజింకల వేటకు అనుమతి వచ్చినది 1949లో. అప్పటికి ఆయన లేడు.

ఈ ఘట్టమునందు మేము ఆయనను మిక్కిలి గౌరవింతుము. ఇరువదియేండ్లకు ముందు ఆయనయే జనులకు తోడేళ్లను చంపుడని బోధించి చప్పట్లు కొట్టించుకొనెను. ఇప్పుడు సత్యము తెలిసి చెప్పగా జనులు రాళ్లు రువ్వినంత పనిచేసిరి. చప్పట్లనాటి మాట తప్పనియు, నిందలనాటి మాట ఒప్పనియు తెలిసియుండియు ఆయన వెనుదీయలేదు. 1944లో ఆయన ఆ ముసలి తోడేలు కథను వ్రాసి, తన యౌవనపు నమ్మకము పొరపాటని లోకమునకు చాటెను. తోడేలునకు జింక భయపడునట్లే, కొండ తన జింకలకు భయపడునని ఆ రచన తాత్పర్యము. తోడేలు తిన్న జింక స్థానమున రెండుమూడేండ్లలో మరియొక జింక వచ్చును; జింకలు తిన్న కొండ మరల పచ్చబడుటకు తరములు పట్టును.

1948వ సంవత్సరము ఏప్రిల్ నెలలో ఆయన వ్యాసముల సంపుటమును ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయము స్వీకరించినట్లు వార్త వచ్చెను. ఒక వారము గడచినది. ఏప్రిల్ 21వ తేదీన గుడిసెయొద్ద నుండగా పొరుగు రైతు పొలమున గడ్డి తగులబడి పొగ కనబడెను. భార్యతోను చిన్నకూతురితోను ఆయన పరుగున పోయి, నీటిపంపు వీపున వేసికొని మంటలనార్ప బూనెను. అచటనే గుండె ఆగి నేలకొరిగెను. వయస్సు అరువదియొక్క యేండ్లు. పొరుగువాని పొలమును, తాను నాటిన మొక్కలను కాపాడు ప్రయత్నమున పోయిన ప్రాణము అది. మరుసటి సంవత్సరము ఆ గ్రంథము ‘ఎ శాండ్ కౌంటీ ఆల్మనాక్’ అను పేర వెలువడెను. మట్టి, నీరు, మొక్క, జంతువు కూడ మనుష్యుని సంఘములో సభ్యులేయను ధర్మమును అందు ఆయన ప్రతిపాదించెను.

ఆయన పిమ్మట ఆయన మార్గము విశాలమయ్యెను. అమెరికాలో తుపాకులమీద, తూటాలమీద వచ్చు పన్నును 1937 నుండి వన్యప్రాణి సంరక్షణకు వినియోగించుచున్నారు; 1970లో చట్టమును సవరించి వేటగాండ్ర శిక్షణకును అందు భాగము కల్పించిరి. విస్కాన్సినులో 1967లో వేటగాండ్రకు తరగతులు మొదలయ్యెను. 1973 జనవరి 1వ తేదీన గాని, తరువాత గాని పుట్టినవారు అచట సాధారణముగా శిక్షణ ముగించినగాని వేటకు అనుమతి పొందజాలరు. 2014 నుండి ఆ రాష్ట్రప్రభుత్వము భూమిగలవారికొరకు వేరొక పథకమును నడపుచున్నది. అందులో పై తరగతి సభ్యులైనవారి పొలమునకు జంతుశాస్త్రజ్ఞుడును, అటవీశాస్త్రజ్ఞుడును కలిసి వచ్చి, జింకలు ఎంత మేసినవో చూచి, ఏ చెట్టు నిలుపవలెనో, ఏ తావు తెరవవలెనో, ఎన్ని జింకలను తగ్గింపవలెనో సలహా చెప్పుదురు. రైలీ పల్లెలో రైతు మొరనుండి పుట్టిన ఆలోచనయే ఇది. విస్కాన్సినులో 1960 ప్రాంతమున అంతరించిన తోడేళ్లు 1970లలో పొరుగు రాష్ట్రమునుండి తమంతట తాము తిరిగివచ్చినవి.

ఇచట విద్యార్థులు ఒక సంగతి మరువరాదు. మన దేశపు చట్టము వేరు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము మన జింకలను, దుప్పులను, కృష్ణమృగములను వేటాడుట నేరము. మన అడవులలో పులియు, చిరుతయు, రేసుకుక్కలును ఇంకను మిగిలియుండుట మన భాగ్యము. ఆ పని అవి చేయుచున్నవి. కావున లియోపోల్డ్ జీవితమునుండి మనము తుపాకిని నేర్వనక్కరలేదు. ప్రేమ మాత్రమే చాలదని, ప్రేమించిన దానినిగూర్చి చదువవలెనని నేర్వవలెను. చదివినపిమ్మట మన పాతమాట తప్పని తేలినచో, పదిమందిలో దానిని దిద్దుకొనుటకు సిగ్గుపడరాదని నేర్వవలెను.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి. ఈ సెలవులలో పిల్లలను ఊరిబయటి గుట్టకు తీసికొనిపొండు. అచట మేకలు మేసిన పొదను చూపుడు. ఆకులు నేలనుండి ఎంత ఎత్తున మొదలగుచున్నవో పిల్లలు జానలతో కొలిచి చూడవలెను. ఏ మొక్కను మేక ముట్టలేదో, ఏ మొక్క కొన చిదికినదో కాగితముపై వ్రాసికొనవలెను. మరుసటి యేడు అదే పొదయొద్దకు పోయి మరల కొలువవలెను. మొక్కల పేర్లు ఇంటిభాషలో ఒక వరుస, ఊరిభాషలో ఒక వరుసగా వ్రాసికొనినచో మరియు మేలు. ఆ రెండు భాషలతోపాటు నేల వ్రాసిన మూడవ భాషను కూడ మన పిల్లలు చదువగలరని మాకు నమ్మకము.